నాలుగో అక్షరం

కృష్ణానగర్‌లో మా డబ్బింగ్ స్టూడియో.
కింద పాన్ డబ్బా, పైన నా దగ్గర పాన్ నంబర్లు.
కిందివాడు సున్నం రాసి చుట్టి ఇస్తాడు,
నేను పది శాతం కోసి ఇస్తాను.
నోరు పండేది వాడి గిరాకీలకు,
మండేది నావాళ్ళకు.

మూడు నెలలకోసారి రిటర్ను.
నలభై ఒక్క వరుసలు.
హీరో పక్కన నవ్వే స్నేహితుడు ఏడో వరుస.
కుక్క మొరుగుడూ పసిపిల్ల గుక్కా
ఒకే గొంతులో పలికించే ఇంతియాజ్, పన్నెండు.
తమిళం నుంచి మాటలు తెచ్చే కుర్రాడు ఇరవై,
ఎన్నిసార్లు చెప్పినా ఇన్వాయిస్ మీద తేదీ వెయ్యడు.
వీళ్ళెవరూ ఉద్యోగులు కారు.
బోనసుకి కారు, జ్వరమొస్తే సెలవుకి కారు,
కోతకి మాత్రం మావాళ్ళే.

పాన్ నంబరుకి పది గళ్ళు.
నాలుగో గడిలో 'పి' ఉంటే మనిషని అర్థం.
కంపెనీకి 'సి', ట్రస్టుకి 'టి'.
మా పాత ఆడిటరు చెప్పాడీ సంగతి,
కళ్ళజోడు పంచె కొంగుతో తుడుచుకుంటూ:
"మిగతా తొమ్మిదీ లెక్క కోసం,
అదొక్కటీ మర్యాద కోసం."

పంతొమ్మిదో వరుస, గుండేటి విమలాబాయి.
ఏడుపులన్నీ ఆమెవే.
సీరియల్లో ఏ అత్త కుప్పకూలినా,
ఏ తల్లి ఆస్పత్రి వరండాలో గోడకి జారబడినా
తెర మీద ముఖం ఎవరిదో, గొంతు ఈమెది.
ఎపిసోడ్‌కి ఆరు వందలు.
ఏసీ చలికి స్వెట్టరేసుకుని మైకు ముందు నిలబడి
నాలుగు రకాలుగా వరసబెట్టి ఏడ్చి
తలుపు తోసుకుని బయటికొచ్చి
"చాయ్ తెప్పియ్ బిడ్డా, గొంతు కొట్టుకపోయింది" అంటుంది.
ఆ ఏడు మా దగ్గర డెబ్భై ఎపిసోడ్లు ఏడ్చింది.
నలభై రెండు వేలు.
నాలుగు వేల రెండు వందలు కోశాను.

జూలై ముసురులో మెట్లెక్కి వచ్చింది,
పాలిథిన్ కవర్లో మడత పెట్టిన కాగితంతో.
"మీరు పట్టుకున్న పైసలు ఇండ్ల లేవంటున్నడు.
యాడికి పోయినయ్ బిడ్డా?"

వెతికాను.
కంఠమే బతుకైన మనిషి
ఫోన్‌లో స్పష్టంగా 'బి' అని చెబితే
నేను 'డి' అని విన్నాను.
అంతే.
ఏ ఊళ్ళోనో ఎవరి ఖాతాలోనో
మా స్టూడియో పేరు మీద
ఆమె ఏడుపులో పదోవంతు జమైంది.
చూసుకుని ఆ మనిషి ఏమనుకున్నాడో,
నేనెప్పుడు ఏడ్చానా అని.

సవరణ రిటర్ను వేశాను.
టోకెన్ నంబరు చీటీ మీద రాసిస్తే
కళ్ళకద్దుకుంది.
తప్పు నాది, దండం కూడా నాకే.
తల దించుకుని స్టాప్లరు వెతికాను,
దానితో పనేమీ లేకపోయినా.

నలభై ఒకటో వరుస సంగతి చెప్పలేదు కదూ.
పొద్దున తొమ్మిదిన్నరకి షట్టరెత్తేదీ,
రాత్రి మైకుల మీద గుడ్డ కప్పి లైట్లార్పేదీ ఆ వరుసే.
కాగితాల్లో మాత్రం 'వృత్తి సేవలు'.
నా పదోవంతు నేనే కోసుకుంటాను,
చెయ్యి వణకదు, అలవాటైంది.
ఫైలు పంపేముందు నాలుగో గడి చూసుకుంటాను.
'పి' ఉంది.
ఇంకోసారి చూసుకుంటాను.

కార్తీకంలో ఫోన్.
"పడ్డయ్ బిడ్డా, పొద్దుగాల్నే మెసేజొచ్చింది."
తర్వాత నవ్వింది.
ఆరేళ్ళుగా వింటున్న గొంతులో
ఆ చప్పుడు ఎప్పుడూ వినలేదు నేను.
కాస్త బొంగురు, మధ్యలో దగ్గు,
డైరెక్టరైతే ఇంకో టేక్ అడిగేవాడు.
పెట్టేసిందని తెలిసీ
ఫోను కాసేపు చెవి దగ్గరే ఉంచుకున్నాను.

అప్పుడే మెయిలొచ్చింది.
ఇరవయ్యో వరుస.
మళ్ళీ తేదీ లేదు.